మైసూరు మహారాజు, మాస్కో కథలు, మన కందాయం

నిడుగల్లు చరిత్ర అంటే అందరూ ముందు కొండనే అడుగుతారు. కోట ఎవరు కట్టించినారు, పైన గుళ్ళు ఎన్ని, రాతి మీద ఏం రాసి ఉంది అని. 12, 13 శతాబ్దాల్లో ఇక్కడ ఏలిన నిడుగల్లు చోళులు తమను కరికాల చోళుని వంశం వాళ్ళమని శాసనాల్లో చెప్పుకున్నారు. ఆ సంగతులు మన కుటుంబ రాతల్లో పెద్దవాళ్ళు ఇదివరకే రాసినారు. ఈసారి కొండ దిగి చాలా దూరం పోదాం, లండన్ దాకా.

1947లో అక్కడ అరవై ఏడేళ్ళ రష్యన్ పెద్దాయన ఒకరు, గుండె జబ్బుతో, స్టూడియోలో కూర్చొని తన రచనలు తానే పియానో మీద వాయించి రికార్డు చేయించుకున్నారు. అందులో పెద్ద రచనలున్నాయి, నాలుగైదు నిమిషాల చిన్న చిన్న కథల్లాంటివీ ఉన్నాయి. ఆ రికార్డులకు దుడ్డు పెట్టింది మైసూరు మహారాజు. మహారాజుకు దుడ్డు యాడి నుంచి వచ్చిందంటే, సంస్థానంలో ప్రతి ఊరి నుంచీ వచ్చింది. మన నిడుగల్లు కూడా ఆ సంస్థానంలోదే.

మన తాతల ట్రంకు పెట్టెలో కందాయం రసీదులు ఇంకా ఉన్నాయి. భూమి శిస్తును మన వైపు కందాయం అనే అంటాం, అది కన్నడం మాట అని కూడా ఎవరికీ గుర్తుండదు. రసీదుల మీద అక్షరాలన్నీ కన్నడమే. ఇంట్లో తెలుగు మాట్లాడతా, బళ్ళో కన్నడం చదివినవాళ్ళం కాబట్టి అవి చదివే పని మా మీద పడింది. చుట్టూ మూడు పక్కల మద్రాసు ప్రెసిడెన్సీ అనంతపురం జిల్లా ఉన్నా, పావగడ తాలూకా మాత్రం మైసూరు కింద ఉండేది. బంధువులు మడకశిరలో తెల్లదొరల ప్రభుత్వానికి కడితే, మనవాళ్ళు ఒడెయరుకు కట్టినారు. మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. ఏది చూసినా ఇది యాడి నుంచి వచ్చింది, యాడికి పోయింది అని వెతకడం అలవాటైపోయింది. ఆ రసీదుల్లోని దుడ్డు ఎన్ని దారుల్లో పోయిందో అని చూస్తూ పోతే, ఒక దారి ఈ పియానో దగ్గర తేలింది.

కథలు వాయించిన మనిషి

ఆయన పేరు నికొలాయ్ మెట్నర్. 1880 జనవరిలో మాస్కోలో పుట్టినారు. అక్కడి కన్సర్వేటరీలో సఫోనోవ్ దగ్గర పియానో నేర్చుకొని 1900లో బయటికొచ్చినారు. రాఖ్మనినోవ్ పేరు పాశ్చాత్య సంగీతం వినేవాళ్ళందరికీ తెలుసు. ఆయన, మెట్నర్ ప్రాణ స్నేహితులు. రాఖ్మనినోవ్ తన నాలుగో పియానో కన్చెర్టోను మెట్నర్‌కు అంకితం ఇస్తే, మెట్నర్ తన రెండోదాన్ని ఆయనకు ఇచ్చినారు. రష్యాలో విప్లవం వచ్చినాక, 1921లో మెట్నర్ దేశం విడిచినారు. జర్మనీ, ఫ్రాన్సు తిరిగి, 1930లలో లండన్‌లో స్థిరపడినారు. రాఖ్మనినోవ్‌కు వచ్చినంత పేరు ఆయనకు రాలేదు. ఆ కాలం కొత్త పోకడల కాలం. మెట్నర్ మాత్రం పాత రొమాంటిక్ బాట వదల్లేదు. కొత్తవాళ్ళ పద్ధతి తప్పని 1935లో పుస్తకం కూడా వేసినారు.

ఇక్కడ రొమాంటిక్ అంటే ప్రేమ పాటలని అర్థం కాదు. మన భావకవిత్వం లాంటిది అనుకుంటే దగ్గరగా ఉంటుంది. లోపలి మనసును, ఊహను, ప్రకృతిని ముందు పెట్టే పద్ధతి. యూరప్‌లో 19వ శతాబ్దం సంగీతమంతా దాని నీడలోనే పెరిగింది. ఆ కాలంలోనే పియానోకు చిన్న రచనలు పుట్టుకొచ్చినాయి. షోపాన్ 1839లో అచ్చు వేయించిన 24 ప్రెల్యూడుల్లో కొన్ని ఒక్క నిమిషం కూడా ఉండవు. షూమన్ 1838లో చిన్నతనం మీద చిన్న చిన్న ముక్కలు గుచ్చి ఒక దండ కట్టినారు. ఒక్కో ముక్కలో ఒక్క భావమే ఉంటుంది. అది చెప్పేసి లేచిపోతుంది, మన చాటు పద్యం మాదిరి.

మెట్నర్ ఆ చిన్న రచనలకు పెట్టుకున్న పేరు స్కాజ్కా. రష్యన్‌లో ఆ మాటకు కథ అని అర్థం. అవ్వ చెప్పే కథ, ఒక నోటి నుంచి ఇంకో నోటికి పోయే కథ. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఫెయిరీ టేల్ అన్నారు కానీ, అందులో రెక్కల దేవకన్యలు ఏం లేరు. అలాంటివి ఆయన 38 రాసినారు. ఒకదాంట్లో మొదటి నుంచి చివరిదాకా గంట మోగుతూనే ఉంటుంది. ఇంకొకటి షేక్‌స్పియర్ లియర్ రాజు తుఫానులో అరిచే ఘట్టాన్ని తలచుకుని రాసింది. చివరి ఆరింటిని సిండరెల్లాకూ, ఇవాన్ అనే వెర్రివాడికీ అంకితం చేసినారు. రష్యన్ కథల్లో ఆ ఇవాన్ మన కథల్లో ఏడో కొడుకు లాంటోడు. అందరూ వెర్రోడని నవ్వుతారు, ఆఖరుకు గెలిచేది వాడే. ఈ కథల్లో మాటలుండవు. అయినా ఎవరో పక్కన కూర్చొని చెప్తున్నట్టే ఉంటుంది. ఒకచోట గొంతు తగ్గుతుంది, ఒకచోట ఆగుతుంది, మళ్ళీ మొదటి మాట దగ్గరికి వస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం మెట్నర్‌ను బాగా కుంగదీసింది. ఆయన రచనలు అచ్చు వేసేవాళ్ళు జర్మనీలో ఉండేవారు. యుద్ధంతో ఆ రాబడి ఆగిపోయింది. 1942లో గుండె పోటు వచ్చింది. ఆ జబ్బులోనే మూడో కన్చెర్టో పూర్తి చేసి, 1944 ఫిబ్రవరిలో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో వాయించినారు. ఇంక ఎన్నాళ్ళు వాయించగలరో ఎవరికీ తెలియని స్థితి. అప్పుడు మైసూరు నుంచి కబురు వచ్చింది.

పియానో తెలిసిన మహారాజు

జయచామరాజేంద్ర ఒడెయరు 1919 జులై 18న పుట్టినారు. చిన్నప్పటి నుంచి పియానో నేర్చుకున్నారు. లండన్ గిల్డ్‌హాల్ సంగీత పాఠశాల లైసెన్షియేటు, ట్రినిటీ సంగీత కళాశాల గౌరవ ఫెలో. కచేరీలు చేసే పియానిస్టు కావాలని ఆశ ఉండేదంటారు. 1940 మార్చిలో తండ్రి పోయినారు, ఆగస్టులో పెదనాయన నాల్వడి కృష్ణరాజ ఒడెయరు పోయినారు. ఇరవై ఒక్కేళ్ళకే గద్దె ఎక్కవలసి వచ్చింది. తాను చేరుకోలేని వేదిక మీద ఇంకొకరిని నిలబెట్టాలనే కోరిక అక్కడి నుంచి వచ్చి ఉంటుందని మా ఊహ.

మైసూరు ప్యాలెస్‌లో పాశ్చాత్య సంగీతం అప్పటికే పాత కాపు. నాల్వడి కాలంలోనే కర్ణాటక సంగీతంతో పాటు పాశ్చాత్య వాద్యబృందం కూడా ఉండేది. దానికి ఓటో ష్మిట్ అనే జర్మన్ నాయకత్వం వహించినారు. రికార్డుల చరిత్రకు కూడా మైసూరుతో చుట్టరికం ఉంది. గ్రామఫోను కంపెనీ 1902లో కలకత్తాలో పాటలు పట్టినప్పుడు పాడిన గౌహర్ జాన్ చివరి రోజుల్లో మైసూరు ఆస్థానంలో చేరి, 1930 జనవరిలో అక్కడే కన్నుమూసింది. గంటల కొద్దీ పాడే రాగాన్ని మూడు నిమిషాల్లోకి ఇమిడ్చి, చివర తన పేరు తానే చెప్పుకున్న గాయని ఆమె.

తెలుగువాళ్ళం మరిచిపోకూడని సంగతి ఇంకొకటి ఉంది. ఇదే మహారాజుకు కర్ణాటక సంగీతంలో గురువు మైసూరు వాసుదేవాచార్యులు. ఆయన పట్నం సుబ్రహ్మణ్య అయ్యరు శిష్యులు. కన్నడ దేశంలో పుట్టి పెరిగినా కృతులు తెలుగులో, సంస్కృతంలో రాసినారు. ఆయన దగ్గర నేర్చుకున్న మహారాజు శ్రీవిద్య ముద్రతో 94 కృతులు కట్టినారు. ఒక చేతికి వాసుదేవాచార్యులు, ఇంకో చేతికి మెట్నర్. రెండూ ఆయనకు ఎక్కువ తక్కువలు కావు.

మహారాజు దుడ్డుతో లండన్‌లో మెట్నర్ సొసైటీ ఏర్పడింది. హెచ్.ఎం.వి. కంపెనీ రికార్డులు చేసింది. 1947లో మూడు కన్చెర్టోలూ ఫిల్హార్మోనియా ఆర్కెస్ట్రాతో పూర్తయినాయి. సొనాటాలు, పాటలు, కొన్ని స్కాజ్కాలు, ఇతర చిన్న రచనలు కూడా వచ్చినాయి. రెండు పియానోలకు రాసిన ఒక రచనను బెన్నో మొయిసెయివిచ్‌తో కలిసి వాయించినారు. 1950లో ఎలిజబెత్ ష్వార్జ్‌కాప్ పాడితే పక్కన పియానో మీద కూర్చున్నది మెట్నరే. తన మూడో కన్చెర్టోను ఆయన మైసూరు మహారాజుకు అంకితం చేసినారు. 1951 నవంబరు 13న లండన్‌లో చనిపోయినారు. కబురు ఐదేళ్ళు ఆలస్యమై ఉంటే రికార్డు చేయడానికి మనిషి లేడు.

లక్క మీద నిలిచిన నాలుగు నిమిషాలు

అప్పటి గ్రామఫోను ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరిగేది. పన్నెండంగుళాల ప్లేటుకు ఒక వైపు నాలుగు, నాలుగున్నర నిమిషాలే పట్టేది. కన్చెర్టో లాంటి పెద్ద రచనను ముక్కలు ముక్కలుగా కోసి, ఎన్నో వైపుల మీద సర్దాలి. వినేవాళ్ళు మధ్య మధ్య లేచి ప్లేటు తిప్పాలి. స్కాజ్కాకు ఆ బాధ చాలావరకు లేదు. ఒక కథ ఒక వైపు. చిన్న రచనకూ ఆ ప్లేటుకూ జత బాగా కుదిరింది.

ఇప్పటి మాదిరి కోసి అతికించడం అప్పుడు లేదు. టేపు ఇంకా స్టూడియోల్లోకి సరిగ్గా రాలేదు. వాయిస్తుంటే సూది నేరుగా ప్లేటు మీద చెక్కుకుంటూ పోతుంది. మూడో నిమిషంలో వేలు తప్పితే మళ్ళీ మొదటి నుంచి. మా ఉద్యోగంలో ఒక చిన్న లోపం దిద్దితే మొత్తం మళ్ళీ పరీక్షించాలి, అది తలుచుకుంటేనే మాకు విసుగు. గుండె జబ్బు మనిషి అరవై ఏడేళ్ళప్పుడు ఆ పని చేసినారంటే ఆ నాలుగు నిమిషాల విలువ అర్థమవుతుంది.

ఆ ప్లేట్లు ఎందుతో చేసేవారో తెలుసా? లక్కతో. చెట్ల కొమ్మల మీద లక్క పురుగు పెట్టే బంక అది. ప్రపంచానికి ఎక్కువగా పోయింది మన దేశం నుంచే. చన్నపట్న బొమ్మలకు రంగు పట్టేది, ఏటికొప్పాక బొమ్మలు మెరిసేది ఆ లక్కతోనే. దానికి రాతి పొడి, మసి కలిపి అచ్చులో వేస్తే గ్రామఫోను ప్లేటు. చేయి జారితే ముక్కలే. నిడుగల్లు కొండ మీద శాసనం ఎనిమిది వందల ఏళ్ళుగా ఎండకూ వానకూ నిలిచింది. లక్క శాసనం అట్లా కాదు, ఎవరో ఒకరు కాపాడుకుంటూ రావాలి.

మెట్నర్ సెట్లకు కాలం కూడా కలిసిరాలేదు. 1948లోనే అమెరికాలో లాంగ్ ప్లే రికార్డు వచ్చింది. హెచ్.ఎం.వి. వాళ్ళు ఇంగ్లండులో 1952లో దాన్ని తెచ్చినారు. పాత ప్లేట్లు మూలకు పడినాయి, మెట్నర్ కూడా వాటితో పాటే మూలకు పోయినారు. తరువాత ఆయన భార్య అన్నా 1958లో సోవియట్ రష్యాకు తిరిగిపోయి, ఆయన రచనలు, కాగితాలు వెంట తీసుకుపోయినారు. మాస్కోలో 1959 నుంచి 1963 దాకా ఆయన సమగ్ర రచనలు 12 సంపుటాలు వచ్చినాయి. విడిచిపోయిన దేశానికి కాగితం మీద చేరినారు. ఆయన వేళ్ళ చప్పుడు మాత్రం మైసూరు దుడ్డుతో చేసిన రికార్డుల్లోనే ఎక్కువగా మిగిలింది. 1990లలో అవి సి.డి.లుగా వచ్చినాయి. ఇప్పుడు ఫోనులో కూడా వినొచ్చు. వెనక గరగరమని లక్క చప్పుడు వస్తుంది, దాని వెనక నుంచి పియానో వస్తుంది.

దుడ్డు ఎవరిది?

ఈ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు మా పెదనాయన అడిగిన ప్రశ్న ఇది. "మహారాజులు మంచోళ్ళే. అయితే మనూరికి నీళ్ళు యాడొచ్చినాయిరా?"

ఆ ప్రశ్నను పక్కకు నెట్టి ఈ చరిత్ర రాస్తే అది పొగడ్త అవుతుంది. మైసూరు దొరలు కావేరికి కన్నంబాడి కట్ట కట్టినారు, వేదావతికి వాణీవిలాస సాగరం కట్టినారు. మన తాలూకా ఉత్తర పెన్న పక్కది. వానను నమ్ముకుని శెనక్కాయ వేసుకున్న నేల. కరువు వస్తే కందాయం కట్టడానికి ఎద్దుల్ని అమ్ముకున్నవాళ్ళ కథలు మన ఇళ్ళల్లో ఇంకా చెప్తారు.

ఆ 1947లోనే మైసూరులో ఇంకో చప్పుడు లేచింది. సెప్టెంబరులో మైసూరు చలో ఉద్యమం మొదలైంది. ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం కావాలని జనం వీధుల్లోకి వచ్చినారు, జైళ్ళకు పోయినారు. అక్టోబరు చివరకు మహారాజు ఒప్పుకున్నారు. కోలారు జిల్లా క్యాసంబళ్ళికి చెందిన కె. చెంగలరాయ రెడ్డి మొదటి ముఖ్యమంత్రి అయినారు. లండన్‌లో పియానో రికార్డవుతున్న ఏడాది, ఇక్కడ రాజు చేతిలోంచి ఖజానా తాళం జారిపోయిన ఏడాది ఒకటే. 1950 నుంచి ఆయనకు రాజభరణం ఏడాదికి 26 లక్షలని నిర్ణయమైంది. 1971లో అదీ రద్దయింది.

ఆయన లెక్క ఇంకొకటి కూడా చెప్పాలి. 1948లో లండన్ ఫిల్హార్మోనియా కన్సర్ట్ సొసైటీకి మొదటి అధ్యక్షుడైనారు. 1950 మే 22న రిచర్డ్ స్ట్రాస్ చివరి నాలుగు పాటలు మొదటిసారి రాయల్ ఆల్బర్ట్ హాలులో వినిపించినారు. కిర్‌స్టెన్ ఫ్లాగ్‌స్టాడ్ పాడింది, ఫుర్ట్‌వాంగ్లర్ ఆర్కెస్ట్రాను నడిపినారు. ఆ కచేరీకి 4,800 డాలర్ల హామీ ఇచ్చింది మన మహారాజు. ఆయన అక్కడికి పోలేదు. దాన్ని రికార్డు చేసి మైసూరుకు పంపమన్నారు. అప్పటికే ఆయన దగ్గర దాదాపు 20,000 రికార్డులు ఉండేవని అంచనా.

పెదనాయన ప్రశ్నకు జవాబు ఏమిటి? నీళ్ళకు బదులు పియానో పెట్టినారు అనడం సరికాదు, ఆ రెండూ ఒకే పద్దులో ఉండేవి కావు. ప్యాలెస్ సొమ్ము వేరు, సర్కారు పనుల సొమ్ము వేరు. అయితే రెండూ ఒకే ఖజానా నుంచి వచ్చినవే, ఖజానా నింపింది రైతులే. కాబట్టి ఆ రికార్డుల మీద మహారాజు పేరుతో పాటు, పేరు లేకుండా, మన కందాయం కట్టినవాళ్ళ వాటా కూడా ఉంది. వాళ్ళను ఎవరూ అడగలేదు. వాళ్ళు ఆ సంగీతం వినలేదు. అయినా ఆ దుడ్డుతో నిలిచింది మాత్రం చెడ్డ వస్తువు కాదు. వేటలకూ బంగళాలకూ పోయిన దుడ్డు ఇప్పుడు యాడుందో చూపించలేం. ఇది చూపించగలం, వినిపించగలం. పెదనాయనకు వినిపించినాం కూడా. రెండు కథలు విని, "ఎవరికో జోల పాడుతున్నట్టుంది" అన్నాడు. నీళ్ళ ప్రశ్న మాత్రం వెనక్కి తీసుకోలేదు. తీసుకోవలసిన పని కూడా లేదు.

మన కథలకు ఎవరు పెడతారు?

మెట్నర్ సంగతి మన కుటుంబ చరిత్రలో రాయడానికి అసలు కారణం ఇది. ఆయన కథలు నిలవడానికి మూడు కలవాలి. వాయించే మనిషి బతికి ఉండాలి, పట్టే యంత్రం ఉండాలి, ఇది పట్టదగినదని అనుకునే మనిషి ఒకరు ఉండాలి. లండన్‌లో మొదటి రెండూ ఉన్నాయి. మూడోది మైసూరు నుంచి పోయింది.

అదే 1947లో నిడుగల్లులో వాయించేవాళ్ళకు బదులు పాడేవాళ్ళు ఉన్నారు. విసురురాయి పాటలు, నాట్ల పాటలు, పెళ్ళిలో వియ్యపురాళ్ళను ఎగతాళి చేసే పాటలు. సగం తెలుగు, సగం కన్నడం. ఆ పాటలు మూడు నాలుగు నిమిషాలే, ఒక ప్లేటుకు ఒక వైపు సరిపోయేవే. యంత్రం మాత్రం ఊరికి రాలేదు. ఆ తరంలో పాడినవాళ్ళు చాలామంది పోయినారు.

ఇప్పుడు యంత్రం ప్రతి చేతిలో ఉంది, దుడ్డు అక్కర్లేదు. మన ఇళ్ళల్లో ఎనభై దాటిన అవ్వలు ముగ్గురు ఇంకా పాడగలరు. ఒకామెకు ఆయాసం. ఒకామె ఇద్దరు కలిస్తేనే పాడుతుంది, ఒంటిగా పాడదు. మూడో ఆమె "ఇవన్నీ ఎవరికిరా" అంటుంది. మహారాజు మెట్నర్‌ను బాగా పేరున్న రచనలు వాయించమని అడగలేదు, ఆయన సొంతవే వాయించమన్నారు. మనమూ సినిమా పాట అడగకుండా వాళ్ళ పాటే అడగాలి. మధ్యలో దగ్గితే దగ్గనిద్దాం. చివర గౌహర్ జాన్ మాదిరి ఆమె పేరు, ఊరు ఆమె నోటితోనే చెప్పిద్దాం. తేదీ మనం రాసి పెడదాం.

ఉగాదికి అందరూ ఊరికి వస్తారు. ఆయాసం ఉన్న అవ్వ దగ్గర మొదలుపెడదాం. పొద్దున ఎండ ఎక్కకముందే అయితే ఆమె బాగా పాడుతుంది.